కొత్త గ్యాసు చలి

మామగారి కారుకి పాతికేళ్లు. అందులో ఏసీ మూలనపడి ఏడాదైంది. దానికి వాడే పాత గ్యాసు ఇప్పుడెక్కడా దొరకడం లేదు.

"కొత్త గ్యాసుకి మార్పించేద్దాం మామయ్యగారూ. సీళ్లు, ఆయిలు మారిస్తే సరిపోతుందట," అన్నాడు అల్లుడు.

"ఆ బండి ఒంటికి కొత్త గ్యాసు పడదు," అన్నారు మామగారు.

ఈ వాదనలో మూడు ఆదివారాల భోజనాలు చల్లారిపోయాయి. నాలుగో ఆదివారం అత్తగారు వంటే చేయనన్నారు. మామగారు దిగొచ్చి, కారు తాళం అల్లుడి చేతిలో పెట్టారు.

"చల్లదనంలో పిసరంత తేడా వచ్చినా ఇక నా బండి జోలికి రాకు అల్లుడూ."

అల్లుడు బండిని మెకానిక్ షెడ్డులో అప్పజెప్పి, రెండు రోజులాగి మళ్లీ వెళ్లాడు. మెకానిక్ ఏదో పని మీద బయటికెళ్లాడు. తాళం మేకుకి వేలాడుతోంది. బానెట్ ఎత్తి చూస్తే, లోపల కొత్త గ్యాసు స్టిక్కర్ తళతళలాడుతోంది. ఇంకేం కావాలి? బండి తీసుకుని నేరుగా ఇంటికొచ్చాడు.

సాయంత్రం నలుగురూ ఎక్కారు. అద్దాలు మూశారు. అల్లుడు ఏసీ మీట చివరిదాకా తిప్పాడు. గాలి హోరుమంది.

"ఎలా ఉంది మామయ్యగారూ?"

మామగారు కాసేపు కళ్లు మూసుకున్నారు.

"చల్లగానే ఉంది, కాదనను. కానీ ఇది మొరటు చలి. పాత గ్యాసు చలి మెత్తగా తగిలేది. ఇది ఎముకల్లోకి దిగుతోంది."

"కొత్త గ్యాసంటే అంతేనండీ మరి," అన్నాడు అల్లుడు, మడిచిన చొక్కా చేతులు దించి బొత్తాలు పెట్టుకుంటూ.

వెనక సీట్లో అత్తగారు కొంగు నిండా కప్పుకున్నారు.

"మోకాళ్లు పట్టేస్తున్నాయి. కాస్త తగ్గించు బాబూ."

పక్కనే కూర్చున్న కూతురు ఏదో అనబోయింది. తండ్రి వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"అవును, చలే," అంది.

మామగారు రెండుసార్లు తుమ్మారు. "చెప్పానా, పడదని," అన్నారు. అల్లుడు పెద్దమనసుతో మీట సగానికి తగ్గించాడు. గెలిచినవాడు ఆ మాత్రం తగ్గొచ్చు.

తిరిగొచ్చేసరికి మెకానిక్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బండి కనబడగానే ఊపిరి పీల్చుకుని, అద్దం మీద తట్టాడు.

"చెప్పకుండా తీసుకొచ్చేశారేంటండీ, స్టిక్కరైతే అంటించాను గానీ, అందులో ఇంకా ఏ గ్యాసూ ఎక్కించలేదు."