గోడలో చప్పుడు

గోడలో మళ్ళీ టక్, టక్. చదువుతున్న పుస్తకం పక్కన పడేసి లేచాను.

ఈ నలభై చెక్క ఇళ్ళ డిజైన్ నాదే. ఫ్యాక్టరీలో గదులుగా చేయించి, క్రేనుతో ఒకదానిమీద ఒకటి పేర్పించాను. "పురుగు పడితే?" అన్న ప్రతివాళ్ళకీ నాది పూచీ అని చెప్పి, లోపల బెరుకు ఉన్నా నేనూ ఇక్కడే కాపురం పెట్టాను.

వారం నుంచీ ఈ చప్పుడు. పురుగు చెక్కని తొలిచేస్తోందేమో! పైన పిల్లలు పరిగెత్తినా ఒళ్ళు జలదరిస్తోంది.

ఉండబట్టలేక పక్కింటి తలుపు కొట్టాను. రిటైరైన నర్సు పిన్నిగారు తీశారు.

"పిన్నిగారూ, మీ గోడలో ఏదైనా చప్పుడు వినిపిస్తోందా?"

"అది నేనే బాబూ," అన్నారావిడ, ఎర్రబడ్డ వేలి కణుపులు చూపిస్తూ. "ఎక్కడైనా బోలుగా మోగుతుందేమోనని తట్టి చూసుకుంటున్నా."

"ఎందుకండీ?"

"ఈ ఇంట్లో చేరిన రోజే చూశాను, నువ్వు మెట్ల గోడకి చెవి ఆనించి నిలబడ్డావు. కట్టించినవాడికే అంత భయమైతే మా సంగతేంటి?"

పురుగు కాదు. హమ్మయ్య అనుకున్నాను.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

ఆవిడ నోరు తెరిచేలోగా కింది ఇంట్లో ఎవరో గోడ తట్టారు. ఆ వెంటనే, మా నెత్తిమీద ఇంకొకరు.