పక్క సీటు మేడం

తెలకపల్లి దాటగానే బస్సు గుంతలో పడింది. ఫర్హీన్ ఒళ్ళోని ఇంగ్లీషు గైడు జారి పక్కావిడ కాళ్ళ మీద పడింది.

ఆవిడ గైడు తీసి, దుమ్ము దులిపి, తెరుచుకున్న పేజీ వైపు చూసింది. గంజి పెట్టిన చీర, కళ్ళజోడు, సంచీకి గుచ్చిన పెన్ను. టీచరేనని ఫర్హీన్‌కు ఇట్టే తెలిసిపోయింది.

"ఫెల్, ఫెల్ట్. రెండు ఒక్కటేనా?" అడిగింది ఆవిడ.

ఫర్హీన్ మార్చిలో పదో తరగతి ఇంగ్లీషు తప్పింది. ఇవాళ నాగర్‌కర్నూల్‌లో సప్లిమెంటరీ. ఇదీ పోతే కాలేజీ మాట మరిచిపొమ్మని తండ్రి అబ్దుల్ ఖాదర్ తేల్చి చెప్పాడు. అసలే వణికి చస్తుంటే, పరీక్షకు ముందు ఈ పరీక్ష ఒకటి!

"కాదు మేడం. కింద పడితే ఫెల్. మనసుకు అనిపిస్తే ఫెల్ట్."

మేడం అనగానే ఆవిడ ముఖం వెలిగింది. కాదనలేదు.

"గట్లనా! మరి ఫౌండ్, ఫౌండెడ్?"

కిటికీ బయట ఫర్హీన్‌కు మేకల మంద కనిపించింది.

"తప్పిపోయిన మేకను ఎతికి పట్టుకుంటే ఫౌండ్ మేడం. ఎవరన్న కొత్తగ బడి పెడితే ఫౌండెడ్."

"రోజ్, రైజ్డ్?"

"తానే లేస్తే రోజ్. మనం లేపితే రైజ్డ్."

"పొద్దు పొడిస్తే?"

"రోజ్."

"చెయ్యి లేపితే?"

"రైజ్డ్."

"ఇంకోపారి చెప్పు బిడ్డా. జర నిమ్మళంగ."

అడిగిందే అడిగి ప్రాణం తోడేస్తోంది మహాతల్లి. కానీ విచిత్రం, మార్చిలో ఎంత బట్టీ పట్టినా నిలవనివి, చెప్పేకొద్దీ ఫర్హీన్‌కే తలకెక్కుతున్నాయి.

ఊరు దగ్గర పడింది.

"హంగ్, హ్యాంగ్డ్. గీ ఒక్కటి గూడ చెప్పు."

ఫర్హీన్‌కు చిర్రెత్తింది.

"అన్నీ తెల్సి గూడ నన్నెందుకు సతాయిస్తున్నరు మేడం?"

గైడు మూసి కిటికీ వైపు తిరిగింది.

పరీక్ష గదిలో సారు ప్రశ్నపత్రాల కట్ట విప్పుతుండగా గుమ్మంలో మళ్ళీ ఆవిడే! ఫర్హీన్ దిగ్గున లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అంది. అది చూసి గదంతా లేచి నిలబడింది.

"ఎవలొచ్చిండ్రని లేస్తుండ్రు? కూసోండ్రి!" సారు కసిరాడు. ఆవిడ వైపు తిరిగి, "హాల్ టికెట్ ఏదమ్మా?" అన్నాడు.

ఆవిడ సంచీలోంచి తీసి చూపించింది.

"జానకమ్మనా? పో, ఆ పిల్ల ఎనక బెంచీ నీది."

ఫర్హీన్ మనసు చివుక్కుమంది. ఆ హంగ్, హ్యాంగ్డ్ ఒక్కటీ చెప్పి ఉంటే తన సొమ్మేం పోయేది? ఇప్పుడు చెబుదామంటే గంట కొట్టేశారు.

"మాఫ్ చెయ్యుండ్రి మేడం," అంది వెనక్కి తిరిగి.

"నువ్వు చెప్పినయన్ని మంచిగ యాదికున్నయి బిడ్డా," జానకమ్మ నవ్వింది. "గని మేడం అనకు, అంగన్‌వాడీల ఆయాను నేను, గీ పరీక్ష పాసైతెనే టీచర్నైత."