కారున్న ఇల్లు

"మీ ఇంట్లో కారుందక్కా. అందుకే మీ బియ్యం కార్డు ఆపేసినారు" అంది వార్డు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న అమూల్య.

గులాబ్‌బీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జమ్మలమడుగులో ఆమె ఉండే రేకుల ఇంటికి తలుపే సరిగ్గా పడదు. ఇక కారట! పక్కన బల్ల మీద ఎనిమిదేళ్ల కూతురు రిహానా ఆయాసపడుతోంది. ఆ పిల్లకు గుండెలో రంధ్రం. సోమవారం కర్నూలులో ఆపరేషన్. కార్డు ఉంటేనే ఉచితం. లేకుంటే ఇల్లూ వాకిలీ అమ్మినా చాలదు.

"మాకు సైకిల్ గూడా లేదు మేడం. యాడిది కారు?"

కారు ఆమె భర్త అమీర్ బాషా పేరు మీద ఉందని, అది ఎవరి దగ్గరుందో వాళ్లు తమ పేరుకు మార్పించుకుంటే కార్డు మళ్లీ వస్తుందని చెప్పింది అమూల్య. కారు నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, తన చేతుల్లో ఇంకేమీ లేదంది.

గులాబ్‌బీకి చదువు రాదు. మూడో తరగతి రిహానాయే ఆ నంబరు చదివింది. తహసీల్దారు ఆఫీసులో చదివింది. వాళ్లు పొమ్మంటే బస్సెక్కి వెళ్లి ప్రొద్దుటూరు రవాణా ఆఫీసులోనూ చదివింది. ఆఫీసులకేం, ఒక బల్ల ఇంకో బల్లను చూపిస్తుంది! చివరి బల్ల దగ్గరి మనిషి, ఓనరే వచ్చి సంతకం పెట్టాలన్నాడు. ఓనరేమో కువైట్‌లో ఒంటెలకు నీళ్లు పెడుతున్నాడు. సాయంత్రానికి ఆ నంబరు రిహానాకు ఎక్కంలా నోటికి వచ్చేసింది.

ఫోన్లో అమీర్ బాషా బిత్తరపోయాడు. కారు కొనలేదని ఒట్టు పెట్టాడు. డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఎవరు ఏ కాగితం చాపినా సంతకం పెట్టిన మాట నిజమేనన్నాడు.

"నాగేంద్రన్న దగ్గరికి పో. ఆయప్ప చెప్తే ఆఫీసర్లు ఇంటారు."

నాగేంద్రకు నలభై ఎకరాల పొలం ఉంది. కువైట్ వెళ్లకముందు అమీర్ బాషా పనిచేసింది ఆయన దగ్గరే. మర్నాడు గులాబ్‌బీ చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు. చీటీ తీసుకుని చాలాసేపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంగ నువ్వు యాడికీ తిరగొద్దు. నేను చూసుకుంటా."

"సోమారం లోపల అయితాదా అన్నా?"

"గవర్నమెంటు పని. అంత బిరీన యాడైతాది? ఆపరేషన్ తేదీ మార్పించుకో."

ఆలస్యం చేస్తే పిల్ల దక్కదని డాక్టరు అన్నాడని చెప్పింది గులాబ్‌బీ. ఆయన భార్య వనజమ్మను పిలిచి, పాపకు మజ్జిగ ఇవ్వమన్నాడు. పసిబిడ్డను ఎండలో నడిపించొద్దంటూ, తన కారులో ఇంటి దగ్గర దింపి రమ్మని డ్రైవరుకు చెప్పాడు.

చల్లటి కారులో రిహానాకు ఆయాసం కాస్త తగ్గింది. సందు మొదట్లో దిగాక గులాబ్‌బీకి కళ్లనీళ్లు ఆగలేదు. పని కాకపోయినా ఇంత ఆదరించిన మనిషిని అల్లా చల్లగా చూడాలనుకుంది. వెళ్లిపోతున్న కారుకు దండం పెట్టింది.

కారు వెనక పలక మీది అంకెలను పెదాలు కదుపుతూ చదువుకున్న రిహానా, ఆమె కొంగు పట్టి లాగింది.

"అమ్మీ, మన కారు పోతాంది."