పేదవాడి ముక్క

"మన మిర్సీని పన్నెండో మెట్టుకి చేరిందమ్మా!" అన్నాడు మా అబ్బాయి స్తెలియోస్, నేను కొత్త సంవత్సరం కేకు మీద కత్తి పెట్టగానే.

నా మనవరాలు మిర్సీనికి డబ్బు విలువ నేర్పే ఆటట. ఫోన్లో నిమ్మరసం అమ్మడం, ఫోన్లోనే పొదుపు చెయ్యడం. పిల్ల వెలగబెట్టే ఆ చదువుకని పోయిన నెల నా పెన్షన్లోంచి అరవై యూరోలు పట్టుకెళ్ళాడు.

"నీకూ నేర్పిస్తాలే. నువ్వింకా రేకు డబ్బాలో దాచుకునే కాలంలోనే ఉన్నావు."

"ముందు నోరు మూసుకుని కూర్చోరా," అన్నాను.

ఆనవాయితీ ప్రకారం మొదటి ముక్క క్రీస్తుకి కోశాను, రెండోది ఇంటికి, మూడోది గుమ్మంలోకొచ్చే పేదవాడికి. ఆ మూడోదాంట్లోనే కత్తికి టక్కున తగిలింది, దొరికినవాళ్ళకి ఏడాదంతా అదృష్టమని నేను పిండిలో దాచిన నాణెం.

"అయ్యో, ఈ ఏటి అదృష్టమంతా ఎవడి పాలో అయిపోయింది!" అని నవ్వాడు వాడు. "ఇప్పుడా పేదవాణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొస్తావమ్మా?"

ఎనిమిదేళ్ళ మిర్సీని ఆ పళ్ళెం తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది.

"ఇది నాన్నదే నానమ్మా. నాకు విసుగొచ్చి ఆ ఆట ఎప్పుడో మానేశాను. నా పేరు పెట్టుకుని ఆడేది నాన్నే. అందులో నాణేలైపోతే కార్డుతో కొంటాడు. నిన్న కార్డులో కూడా డబ్బులైపోయాయి."



"తిను నాయనా, నీకోసమే కోశాను," అన్నాను స్తెలియోస్‌తో. "నాణెం మాత్రం ఇటివ్వు, డబ్బాలో వేస్తాను."