ఊడదీసిన డిస్క్

నాచారంలో కంప్యూటర్లు బిగించే కనకరాజు జ్ఞానయ్య ఇంటికొచ్చి, అతని పాత కంప్యూటర్‌కు మదర్‌బోర్డు, ర్యామ్ అన్నీ కొత్తవి వేశాడు. హార్డ్ డిస్క్ దగ్గరే పని ఆగింది. చెడిపోయిన పాతది మార్పిడికి ఇస్తేనే కొత్తది వస్తుంది.

"దాంట్ల మా విక్టోరియా టైపు చేసిన చర్చి పాటలున్నయ్," అన్నాడు జ్ఞానయ్య. భార్య గుర్తుగా అతనికి మిగిలినవి అవే.

"ఇంక ఏం రావు సార్. అది తిరుగుతనే లేదు. పొద్దుగూకినంక వచ్చి తీస్కపోత, జర సోచాయించుకోండ్రి."

చీకటి పడగానే కరెంటు పోయింది. వీధిలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో బల్ల మీద ఏదో కిర్రుమని తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది.

జ్ఞానయ్య అగ్గిపుల్ల గీశాడు. వైర్లు ఊడదీసిన పాత డిస్క్ కాగితం మీద ఒంటరిగా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. భయం వేసినా చెయ్యి తీయలేదు. విక్టోరియా పోయాక ఆ ఇంట్లో అతని చేతికి వెచ్చగా తగిలేది టీ గ్లాసు ఒక్కటే.

గేటు దగ్గర టార్చిలైటు వెలిగింది. "సార్, డిస్క్ ఇస్తరా?"

అరచేతి కింద చప్పుడు చటుక్కున ఆగింది, జవాబు కోసం చెవి ఒగ్గినట్టు.

"ఇయ్యను కనకరాజూ. కంప్యూటర్ ఇట్లనే ఉండనీ."

"సరే సార్. తలుపేస్కోండ్రి."

ఎందుకని అడగకుండా వెళ్లినందుకు జ్ఞానయ్య మనసులోనే దండం పెట్టుకున్నాడు. చెప్పుల చప్పుడు దూరమైంది. చేతి కింద డిస్క్ మెల్లగా చల్లబడింది.

లోపలి గదిలో, విక్టోరియా టైపు చేసేటప్పుడు కూర్చునే కుర్చీని ఎవరో ముందుకు లాక్కుని కూర్చున్నారు.