బుడ్డెడు నీళ్లు

“ఈ బుడ్డి నిండా నీళ్లు కావాలవ్వా” అంటూ బసప్ప లేవబోయాడు.

“ఆ విరిగిన కాలితో యాడికి పోతావప్పా? కూచో, నేను తెస్తా” అని సుంకమ్మ గాజుబుడ్డి లాక్కుని బయలుదేరింది. మూడు నెలలుగా, నెలకోసారి ఇదే వరస.

పట్టుచీరలకు పేరుమోసిన ధర్మవరం తన మురుగునంతా ఈ వంకకు కట్టబెట్టింది. ఊరు పెరిగింది, వంక చచ్చింది. గట్టు మీది పదకొండు గుడిసెల వాళ్లూ ఆ నీళ్లే తాగి, బేదులు పట్టి, ఒక్కొక్కరే మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. మిగిలింది సుంకమ్మ ఒక్కతే.

“మంచినీళ్లు పడితే మళ్లొస్తానని మా తోడికోడలు భద్రమ్మ ఏడ్సుకుంటా పోయింది. అంతదాకా కుక్కతోనే మాట్లాడుకుంటాండా. మైలు దూరంలో మారెప్ప తోట బావి ఉండాది గానీ బిందె ముంచనీడు. కాళ్లావేళ్లా పడితే చెంబెడు పోస్తాడు” అని ఒకనాడు నవ్వుతూనే చెప్పింది.

బసప్పది నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లే ఉద్యోగం. వంక నీళ్లలో పురుగులున్నట్టు తేలితే ఇక్కడ బోరు వేస్తారు, పోయినవాళ్లు తిరిగొస్తారు. లేనిపోని ఆశ పెట్టడం ఎందుకని పరీక్ష మాటే అవ్వకు చెప్పలేదు. పోయిన రెండుసార్లూ నీళ్లు మంచివనే తేలింది. ఇది మూడోసారి, ఆఖరుది.

బసప్ప వేపచెట్టు నీడలో కునుకు తీసి లేచేసరికి సుంకమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. బుడ్డిలో నీళ్లు తేటగా ఉన్నాయి. పురుగులు కంటికి కనబడతాయా, ఈసారి దొరక్కపోవులే అనుకున్నాడు బసప్ప.

దొరకలేదు. వారం తిరక్కుండానే ఉత్తచేతులతో మళ్లీ వచ్చాడు.

“బుడ్డి యాడప్పా?”

“ఇంక బుడ్డితో పని లేదవ్వా. నేను గూడా రాను.” సంగతంతా చెప్పుకొచ్చాడు. “మూడు తూర్లూ మంచి నీళ్లేనని తేలె. బోరు ఇయ్యరంట. ఈ మురుగువంకలో నీళ్లు యెట్ల మంచివైనాయో నాకు అంతు చిక్కలేదు.”

సుంకమ్మ ఖాళీ గుడిసెలకేసి చూసింది.

“ఇంటికొచ్చినోడు తాగేకి అడిగితే వంకలో ముంచుకొస్తానా నాయనా?”