మునిలక్ష్మికి ఏం తెలుసు?

నాగరత్న మునిలక్ష్మి ఇంటి గడప దాటీ దాటగానే నేరుగా వంటింట్లోకి వెళ్ళి, స్టాండులోని పళ్ళెం తీసి తిరగేసింది.

వెనక పేరు కొట్టించి ఉంది. మారమ్మ.

ఇంకో పళ్ళెం తీసింది. అదీ మారమ్మదే. పాలగిన్నె తిరగేసింది. శశికళ.

మునిలక్ష్మి మొహం పాలిపోయింది. ఊరిగాం గని కార్మికుల లైను ఇళ్ళలో పేరు కొట్టించని గిన్నె ఉండదని పాపం ఆమెకూ తెలుసు. కంగారులో మరిచిపోయింది.

నాగరత్న దగ్గర ఇలాంటి ఆటలు సాగవు. పిల్లల సంక్షేమ సంస్థలో ఇరవై రెండేళ్ళ సర్వీసు, అందులో తొమ్మిదేళ్ళు మేనేజరుగా. హోమ్ విజిట్ అనగానే జనం ఏమేం చేస్తారో ఆమెకు కొట్టినపిండి. ఎరువు తెచ్చిన గిన్నెలు, పక్కింటి పరుపు, పొద్దున్నే కొట్టిన సున్నం. బెంగుళూరు ట్రైనింగుల్లో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది ఆమే. "నోరు అబద్ధం చెప్తాది, వంటిల్లు చెప్పదు" అంటుంది. అందరూ రాసుకుంటారు.

మునిలక్ష్మికి మాలూరు ఫ్యాక్టరీలో పని. తెల్లారకముందే రైలెక్కాలి. మొగుడు పోయినప్పటినుంచీ రెండేళ్ళ కూతురు సహనను పక్కింటి మారమ్మ దగ్గర వదిలి వెళ్ళేది. పాప పొద్దంతా ఒంటరిగా ఉంటోందని ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేశారు. సంస్థ వాళ్ళు వచ్చి పాపను తీసుకుపోయారు. నేటికి పదకొండు రోజులు. ఫైల్లో 'సంస్థ సంరక్షణలో' అని రాసి ఉంది. పాపను తల్లికి తిరిగి ఇవ్వాలా, వద్దా? కమిటీ అని ఒకటుంది గానీ, నాగరత్న ఏం రాస్తే దానికే వాళ్ళు తల ఊపుతారు.

"తప్పైపోయినాది మేడం. మీరొస్తారంటే ఇంట్లో నాలుగు గిన్నెలుంటే బాగుంటాదని అడిగి తెచ్చినాను." మునిలక్ష్మి కాళ్ళ మీద పడబోయింది. "నా బిడ్డ ఎట్లుండాది? తింటాందా? ఒక్క తూరి చూపించండమ్మా."

"లే పైకి. బాగుండాది. మా దగ్గర దానికేం తక్కువ?"

నాగరత్న చాప మీద చతికిలబడి, హ్యాండ్‌బ్యాగులోంచి నోట్‌బుక్ తీసింది. గొంతు మెత్తబడింది.

"గిన్నెలదేముండాది, పోనీలే. బిడ్డ గురించి తల్లికి ఏం తెలుసన్నదే నాకు కావాల. అడిగినదానికల్లా చెప్పు. ఏదీ దాచొద్దు."

మునిలక్ష్మికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ పరీక్షలో ఆమెను ఓడించేవాళ్ళెవరు!

"పడుకొనేటప్పుడు ఏడిస్తే ఏం చేస్తావు?"

"ఎత్తుకోకూడదు మేడం. ఎత్తుకొనేకొద్దీ గుక్కపట్టి ఏడుస్తాది. గోడ పక్కన బోర్లా పండబెట్టి, చెవి వెనకాల వేలితో మెల్లగా నిమరాల. నా పాత చీర ముక్క ఒకటి పిడికిట్లో ఉండాల. అంతే, నిద్రపోతాది."

"ఆ ముక్క యాడుండాది?"

మునిలక్ష్మి పరుగున వెళ్ళి దిండు కింద నుంచి తెచ్చింది.

"ఇట్లియ్యి. పాపకిస్తాను."

"మీ కడుపు చల్లగుండ!" మునిలక్ష్మి కళ్ళొత్తుకుంది.

"తిండి?"

"అన్నం పెడితే ఊసేస్తాది. రాగిసంకటి చిన్న ఉండలు చేసి చేతికిస్తే అదే తింటాది. పాలు గ్లాసుతో తాగదు, గిన్నెలో పోయాల. గుడ్డు మాత్రం పడదు మేడం. ఒళ్ళంతా దద్దులు లేస్తాయి."

నాగరత్న పెన్ను ఆగింది. "గుడ్డా?"

"అవునమ్మా. ఎవురూ పెట్టొద్దని చెప్పండి."

నాగరత్న 'గుడ్డు' కింద రెండు గీతలు గీసింది.

"దేనికి భయపడతాది?"

"కుక్కరు కూస్తే జడుసుకుంటాది. ముందే ఎత్తుకొని బయటికి పోవాల."

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతాదా?"

"సహనా అంటే తిరిగి కూడా చూడదు. అమ్మణ్ణీ అనాల. యాడున్నా పరిగెత్తుకొస్తాది." చెబుతూ చెబుతూ మునిలక్ష్మి నవ్వింది. పదకొండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

ఎంత ఓపికండీ ఆ మేనేజరమ్మకు! అడిగిందే మళ్ళీ అడిగింది. నిమరడం ఎలాగో చేసి చూపించమంది. జ్వరమొస్తే ఏ మందు, స్నానానికి నీళ్ళు ఎంత వేడి, ఏ ఆట ఆడిస్తే నవ్వుతుంది, ఒక్కటీ వదల్లేదు. ఇంకో ఆఫీసరైతే పళ్ళెం తిరగేసిన చోటినుంచే వెనక్కి తిరిగిపోయేది. గంటంపావు గడిచేసరికి నాలుగు పేజీలు నిండాయి.

"ఇంగ ఇస్తారు కదా మేడం?"

"నా చేతిలో ఏముండాదమ్మా, కమిటీ ఉండాది. ధైర్యంగా ఉండు."

జీపు దాకా మునిలక్ష్మి చేతులు జోడించుకునే వెంట నడిచింది. జీపు కదలగానే మారమ్మ ఇంటికి పరిగెత్తింది.

"మారమ్మక్కా, నేను చెప్పిందంతా మేడం రాసుకొనింది. నా బిడ్డ వచ్చేస్తాది!"

ఆఫీసుకు చేరి నాగరత్న రిపోర్టు రాసింది. ఆమె రిపోర్టులు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి.

'ఇంటి సామాను ఎరువు తెచ్చి అధికారిని మోసగించజూసింది. పగలు ఇంట్లో పెద్దదిక్కు లేదు. బిడ్డ అవసరాల గురించి తల్లికి ఏమాత్రం తెలియదు. బిడ్డను తిరిగి అప్పగించడం తగదు.'

దాని కింద సంతకం చేసి, నోట్‌బుక్‌లోని నాలుగు పేజీలూ జాగ్రత్తగా చించి మడిచి, ఇంటికి వెళ్ళగానే, పెళ్ళయి పన్నెండేళ్ళయినా కడుపు పండని తన కూతురు నయన చేతిలో ఆ చీర ముక్కతో పాటు పెట్టి అంది, "ఇంద, అన్నీ కనుక్కొచ్చినాను, ఇంగ నీ బిడ్డ ఏడవదులే!"